ప్రేమ లేని సాక్షి

డాక్టర్ పేరి హైమవతి దగ్గర పనిచేయడం కంటే పులితో కాపురం చేయడం మేలని కాకినాడలో ఆవిడ నడిపే మెదడు పరిశోధన సంస్థలో ఒక మాట ఉండేది. ఆ మాట ఆవిడ చెవిన కూడా పడింది. "పులి ఏ జర్నల్లో రాసిందిట?" అని అడిగి తన పనిలో తాను పడిపోయింది.

ఆవిడ గొప్పదే, కాదనడానికి ఎవరికీ నోరు రాదు. ముసలితనంలో మెదడు ఎందుకు ఎండిపోతుందన్న ఒక్క ప్రశ్నని పట్టుకుని జీవితమంతా వేలాడింది. ఆ ప్రశ్న కోసం పిల్లల్ని వద్దనుకుంది, పండగలు మానుకుంది, పదిమందిని ఏడిపించింది. చివరికి మందు కనిపెట్టింది. దానికి 'మొలక' అని పేరు పెట్టింది.

మొదటి రోగి నారాయణమ్మ. రామచంద్రపురం ఆవిడ, కొడుకు పేరు కూడా మర్చిపోయి మంచం మీద కూర్చుని దుప్పటి అంచు పీక్కునేది. సూది వేసే ముందు హైమవతి పెద్దకొడుకుని కూర్చోబెట్టి చెప్పింది.

"మీ అమ్మ మెదడులో కణానికీ కణానికీ మధ్య తీగలు తెగిపోయాయి. ఈ మందు పడితే ప్రతి కణానికీ కొత్త మొలకలొస్తాయి. మూడు వారాలుంటాయి. ఆ మూడు వారాలూ నువ్వు పక్కన కూర్చుని ఆవిడ బతుకు ఆవిడకి చెప్పాలి. నువ్వు చెప్పిన సంగతి తాలూకు మొలక వేళ్ళు తన్నుతుంది. చెప్పని దాన్ని, అంతకుముందు గుర్తున్నదైనా సరే, మెదడే తినేస్తుంది."

"చెప్పడం మర్చిపోతే మళ్ళీ సూది వేయించుకోవచ్చాండీ?"

"రెండోసారి వేసిన ఎలకలన్నీ చచ్చాయి. ఏమీ మర్చిపోకుండా అన్నీ చెప్పు."

అన్నీ చెప్పమంటే మనవాళ్ళు చెబుతారా! జబ్బుమనిషి మంచం దగ్గర అశుభం పలకకూడదు కదా. పెద్దకొడుకు పెళ్ళిళ్ళు చెప్పాడు, బారసాలలు చెప్పాడు, కాశీ వెళ్ళినప్పుడు అమ్మ ఏ కూర వదిలేసిందో కూడా చెప్పాడు. తమ్ముడు లారీ కింద పడి పోయిన సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

నారాయణమ్మ లేచింది. అందరినీ గుర్తుపట్టింది, కోడలి వంటకి వంకలు పెట్టింది. సంస్థలో స్వీట్లు పంచుకున్నారు. ఇంటికి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం ఆవిడ చిన్నకొడుక్కి కంచం పెట్టి కూర్చుంది. "వాడింకా రాలేదేమర్రా?" అంది. ఎవరూ నోరు విప్పలేదు. ఆ తరవాత ప్రతి మధ్యాహ్నం అదే తంతు. చివరికి పొరుగింటావిడ నోరు జారింది. నారాయణమ్మ ఏడవలేదు. "అందరూ కలిసి దాచారన్నమాట" అని ఆ కంచం బోర్లించి, అన్నం మానేసి, నెల తిరక్కుండా పోయింది.

హైమవతికి దుఃఖం కాదు, ఒళ్ళుమండింది. మీటింగులో బల్ల గుద్దింది. "ఇన్నేళ్ళ పనిని ఒక కొడుకు ప్రేమ తగలబెట్టింది. ప్రేమించేవాడు దాస్తాడు. ఇక మీదట రోగి పక్కన సాక్షిగా కూర్చునేవాడు రోగి అంటే పడనివాడై ఉండాలి. పడనివాడు ఏదీ మర్చిపోడు. మన చరిత్ర మన దాయాదికి తెలిసినట్టు మనకి తెలుస్తుందా?"

ఆవిడ కింద పదిహేనేళ్ళ పైగా పనిచేస్తున్న డాక్టర్ చిక్కాల లింగేశ్వర్ లేచాడు. "దాయాది మంచి సంగతులు కూడా చెబుతాడంటారా మేడం?"

"నీకు జీతమిస్తున్నది ఆలోచించడానికా, అడ్డం పడడానికా? కూర్చో."

కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. లింగేశ్వర్ కూర్చున్నాడు. అతను అడిగినది సరైన ప్రశ్న. ఆ గదిలో ఎవరైనా ఆ రోజు దాన్ని పట్టించుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇంట్లో ఈ పులి వేరు. భర్త దక్షిణామూర్తిగారు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు, ఇప్పుడు వంట ఆయనదే. ఆదివారం పొద్దున్న ఆయన పెసరట్లు పోస్తుంటే హైమవతి వెనకనించి వచ్చి ఫ్రిజ్ నీళ్ళ చేతులు మెడ మీద పెట్టేది. ఆయన కెవ్వుమంటే పడీపడీ నవ్వేది. ఆఖరి అట్టు కోసం ఆయనతో పోట్లాడేది. సంస్థలో ఎవరెవరు ఎలా మాట్లాడతారో అచ్చు దింపి చూపించేది, నడుం మీద చెయ్యేసుకుని, ముక్కుతో పలుకుతూ. అందులో లింగేశ్వర్ కూడా ఉండేవాడు.

"వాడు లేకపోతే నా పని ఆగిపోతుందండీ. బంగారం" అంది ఒకసారి.

"ఆ ముక్క వాడితోనే చెప్పొచ్చుగా?"

"ముఖం మీద పొగిడితే మనిషి చెడిపోతాడు. మా నాన్న నన్ను ఒక్కసారైనా పొగిడాడా? నేను బాగుపడలేదూ?"

మూర్తిగారు నవ్వాడు. తను కూడా అలాంటి ఇంట్లోనే పెరిగాడు.

రెండో విడత ప్రయోగానికి కోనసీమ నించి మల్లిడి బుల్లిరెడ్డి అనే పెద్దాయన్ని తెచ్చారు. సాక్షిగా ఆయన పినతండ్రి కొడుకు వీర్రెడ్డిని పిలిచారు. ఇద్దరికీ కొబ్బరితోట సరిహద్దు మీద కోర్టులో వ్యాజ్యం ఉంది, మాటలు లేవు. వీర్రెడ్డి రోజూ తలంటుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వచ్చేవాడు. రోగి పక్కన కుర్చీ లాక్కుని మొదలెట్టేవాడు. ఎవరి చెట్లు ఎవరు కొట్టేశారు, ఎవరు ఎవరిని చెంపదెబ్బ కొట్టారు, తల్లి పోయే ముందు మంచినీళ్ళడిగితే ఎవరు పేకాటలో ఉన్నారు, అన్నీ తేదీలతో సహా చెప్పాడు. ఒక్కటి కూడా అబద్ధం కాదు. బయట ఒక అసిస్టెంటు కూర్చుని ప్రతి మాటనీ ఊళ్ళోవాళ్ళతో ఫోన్లో సరిచూసేది.

బుల్లిరెడ్డి నూటికి నూరు మార్కులతో లేచాడు. పేపర్లలో హైమవతి ఫొటో వేశారు.

కొన్నాళ్ళకి ఆయన కూతురు అనసూయ వచ్చింది. సంచీలో కొబ్బరిబోండాలు తెచ్చి, అవి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నించుంది.

"నాన్నకన్నీ గుర్తున్నాయండి డాక్టరమ్మగారూ. కానీ పొద్దస్తమానం గోడకేసి చూత్తా కూర్చుంటన్నారండి. నవ్వట్లేదండి. నేనింత దుర్మార్గుణ్ణని నాకు తెలీదమ్మా అంటన్నారండి."

"ఆయన దుర్మార్గుడు కాదా?"

"దుర్మార్గుడేనండి, కాదన్ను. మరి మా అమ్మ పోయాక నాకు రోజూ జడలేసి బడికి పంపింది కూడా ఆయనేనండి. ఆ సంగతడిగితే, అలాటిదేం జరగలేదు, నా మీద జాలితో అంటన్నావు అంటన్నారండి. దానికేదైనా మందుందాండి?"

హైమవతి కళ్ళజోడు తీసింది. "మతిమరుపుకి మందిచ్చాను. నవ్వు కొలిచే పరికరం నా దగ్గర లేదమ్మా. ఎక్కడైనా దొరికితే పట్టుకురా."

అనసూయ బోండాలు అక్కడే నేల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాటకి ఆవిడ మెట్లు దిగుతూ ఏడ్చిన ఏడుపు కిందంతస్తులో వాళ్ళకి కూడా వినిపించింది. లింగేశ్వర్ తలుపు దగ్గర నించుని అంతా విన్నాడు.

హైమవతి జబ్బుని మొదట పట్టుకున్నది కూడా అతనే. రోగులచేత గడియారం బొమ్మ గీయించడం అక్కడ మామూలు పరీక్ష. ఒక రోగి అంకెలన్నీ ఒకే పక్కన కుప్పపోస్తే హైమవతి దానికి 'సరి' అని వేసింది. లింగేశ్వర్ చూసి ఊరుకున్నాడు. మరోసారి వేసింది, మళ్ళీ ఊరుకున్నాడు. చెప్పడానికి అతనికి గదులున్నాయి, ఫోనుంది, ఏకాంతముంది. అతను సోమవారం మీటింగు దాకా ఆగాడు. అందరూ వచ్చాక తెల్లకాగితం, పెన్సిలు ఆవిడ ముందు పెట్టాడు.

"మేడం, ఒక్కసారి మీరు గీయండి. గడియారం, టైము పదకొండూ పది."

"ఏమిటీ వేళాకోళం?"

"గీయండి మేడం."

ఆవిడ విసురుగా గుండ్రం గీసింది. పన్నెండు వేసింది, ఒకటి వేసింది. తరవాత పెన్సిలు ఆగింది. అంకెలు కుడిపక్కన ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎడమపక్క ఖాళీగా ఉండిపోయింది. ఆవిడ కాగితాన్ని తిప్పి చూసింది, మళ్ళీ తిప్పి చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. లింగేశ్వర్ కాగితం తీసుకుని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. అతని ముఖంలో సంతోషం ఉందని నేను ఊరికే అనడం లేదు, అక్కడున్నవాళ్ళందరూ చూశారు.

సూది తనకే వేయించుకుంటానని హైమవతి ఆ వారమే తేల్చేసింది. భయపడే మనిషి కాదు. పోట్లాటంతా సాక్షి దగ్గర వచ్చింది.

"నేను కూర్చుంటాను" అన్నాడు మూర్తిగారు. "నీ గురించి నాకంటే ఎవరికి తెలుసు?"

"అందుకే మీరు పనికిరారు. మీరు నన్ను దేవతని చేసి లేపుతారు. నారాయణమ్మ గతి పడుతుంది నాకు. లింగేశ్వర్ కూర్చుంటాడు. వాడికి నా మీద పిసరంత ప్రేమ లేదు. నా పనంతా మొదటినించీ చూసినవాడు వాడే. రిజల్టు దెబ్బతినకూడదు."

"పిసరంత ప్రేమ లేనివాడి చేతుల్లో నిన్ను పెడతావా హైమా? నిన్ను నాకు మిగల్చడేమోనని భయంగా ఉంది."

"నిజం చెబితే చాలండీ. నిజంలో మీరు లేరూ?"

మూర్తిగారికి ఆ మాట బాగానే తోచింది. ఒప్పుకున్నాడు.

ఆ మూడు వారాలూ సాక్షి తప్ప ఇంకో గొంతు రోగి చెవిన పడకూడదు. అది కూడా హైమవతి పెట్టిన నియమమే. మూర్తిగారు రోజూ క్యారేజీ తెచ్చి గుమ్మంలో ఇచ్చేవాడు, అద్దంలోంచి చూసేవాడు. లోపల లింగేశ్వర్ మెత్తగా, తొందరపడకుండా, గౌరవంగా మాట్లాడేవాడు.

"మేడం, మీరు నా రిపోర్టు చదవకుండానే చెత్తబుట్టలో వేశారు. కుర్రాళ్ళు నవ్వారు. మీరూ నవ్వారు."

"మేడం, నారాయణమ్మగారు పోయారని ఫోనొస్తే, మెదడు మనకిస్తారా లేదా కనుక్కోమన్నారు. ఇంకేమీ అడగలేదు."

"మీ అమ్మగారు పోయిన రోజు మధ్యాహ్నానికే మీరు ల్యాబుకొచ్చి ఎలకలకి సూదులేశారు."

"అనసూయగారితో మీరు ఇలా అన్నారు మేడం."

పరిశోధన అంతా వరసగా, ఒక్క అంకె తప్పకుండా చెప్పాడు. భర్త వివరాలు ఆఫీసు ఫైల్లోంచి చదివి వినిపించాడు. బయట అసిస్టెంటు సరిచూసుకుంటూ పోయింది. ఎక్కడా అబద్ధం దొరకలేదు.

మూర్తిగారు క్యాంటీన్లో అతన్ని పట్టుకుని బతిమాలాడు. "కాస్త ఇంటి సంగతులు కూడా చెప్పు బాబూ. వాళ్ళమ్మ పోయిన రోజు ఇంట్లో ఉండలేక ల్యాబుకొచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. పెసరట్ల దగ్గర పోట్లాడేది. నిన్ను కూడా అచ్చు దింపేది, నువ్వు బంగారమనేది."

"నేను చూడలేదు కదండీ. సాక్షి చూసిందే చెప్పాలి. మేడం రూలు మీకు తెలియనిదేముంది?"

హైమవతి లేచింది. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ లేవనంత బాగా లేచింది. తన ఫార్ములాలు తను రాసుకుంది, పాత లెక్కలో తప్పొకటి పట్టుకుంది. మూర్తిగారు పట్టలేని సంతోషంతో ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడ గుమ్మం బయట చెప్పులు సర్ది పెట్టి, "లోపలికి రావచ్చాండీ?" అని అడిగింది.

ఆదివారం ఆయన పెసరట్లు పోశాడు. ఆవిడ తలొంచుకుని ఒకటి తింది. ఆఖరిది ఆయన కంచంలో వేసింది.

"ఇన్నాళ్ళూ మీరు నన్ను ఎలా భరించారండీ?" అంది.

"భరించడమేమిటే? నువ్వు ఇంట్లో ఎలా ఉండేదానివో తెలుసా?" ఆయన లేచి నడుం మీద చెయ్యేసుకుని, ముక్కుతో పలుకుతూ, ఆవిడ ఎవరెవరిని ఎలా దింపేదో దింపి చూపించాడు. తనకి సరిగ్గా రాలేదు. రాకపోయినా వదలకుండా చేశాడు, చెమట పట్టేదాకా.

ఆవిడ జాలిగా చూసింది. "మీరు మంచివారు. నన్ను ఊరడించడానికి ఎంత కష్టపడుతున్నారండీ!"

మూర్తిగారు కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద ఆవిడ చెయ్యి అందుకుని తన మెడ మీద పెట్టుకున్నాడు. ఆవిడ కాసేపు మర్యాదగా అలాగే ఉంచి, మెల్లగా తీసుకుంది.

ఆ తరవాత ఆవిడ క్షమాపణలు మొదలెట్టింది. కోనసీమ వెళ్ళి అనసూయ కాళ్ళ మీద పడబోయింది, ఆ పిల్ల బెదిరిపోయి లోపలికి పరిగెత్తింది. కుర్రాళ్ళందరికీ పేరు పేరునా దండం పెట్టింది. డైరెక్టరు పదవి లింగేశ్వర్‌కి ఇచ్చేసింది. ఒకరోజు రెండు చీరలు సంచీలో పెట్టుకుని సంస్థ క్వార్టర్సుకి వెళ్ళిపోయింది. "మీలాంటి మంచిమనిషిని ఇంకా బాధపెట్టడం న్యాయం కాదండీ. ఇక సుఖంగా ఉండండి" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆవిడ జీవితంలో చేసిన దయగల పనుల్లో తనకి గుర్తున్నది ఇదొక్కటే.

మూర్తిగారు తిన్నగా లింగేశ్వర్ గదికి వెళ్ళాడు. ఇప్పుడది డైరెక్టరు గది.

"కూర్చోండి సార్. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధముంటే చూపించండి."

"అబద్ధం లేదు. నువ్వు చూసిందే చెప్పావు, ఒప్పుకున్నాను. మరి మీ పాపకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే రాజమండ్రి దాకా కారేసుకుని వెళ్ళి, అవి దొరికేదాకా తిరిగి, ఆ అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఎవరు? నువ్వు ఆసుపత్రి గుమ్మంలో నించుని అందుకున్నావు. అది నువ్వు చూడలేదా?"

లింగేశ్వర్ బల్ల మీద గాజుబిళ్ళని అటూ ఇటూ జరిపాడు.

"అది మర్చిపోయానండి" అన్నాడు.

మూర్తిగారికి అతన్ని అక్కడికక్కడ చంపెయ్యాలనిపించింది. జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. "ఆవిడ నిన్ను బంగారమనేది రా. నా ఎదురుగా అంది. ఒక్కసారి కాదు."

"ఇప్పుడు చెబుతున్నారా సార్?" లింగేశ్వర్ గొంతు మొదటిసారి పెరిగింది. "పదిహేనేళ్ళు రోజూ నన్ను పదిమందిలో కుక్కని చేసింది. ఆ బంగారం ముక్క మీ వంటింట్లో దాచుకున్నారు, ఆవిడా మీరూ కలిసి. ఆ పదిహేనేళ్ళలో నా చెవిన ఒక్క రోజు పడినా నేను కూడా చెబుదును. వెళ్ళండి. నాకు పనుంది."

ఆ మాటలో కూడా అబద్ధం లేదు. అదే మూర్తిగారిని ఎక్కువ కుంగదీసింది.

ఢిల్లీ నించి కమిటీ వచ్చింది. వాళ్ళు సరేనంటే మందు దేశమంతా వెళుతుంది. సాక్షి నియమంతో సహా వెళుతుంది. హాలు నిండిపోయింది, కెమెరాలు పెట్టారు. మధ్యలో కుర్చీ వేసి హైమవతిని కూర్చోబెట్టారు. తెల్లచీర, దువ్వుకున్న జుట్టు, ఎవరు పలకరించినా లేచి దండం పెడుతోంది. కమిటీ పెద్దలు గంటసేపు అడిగారు. పుట్టిన ఊరు, చదువు, ప్రయోగాలు, ప్రధానమంత్రుల వరస, నూరులోంచి ఏడేసి తీసివేతలు. ఒక్కచోట కూడా తడబడలేదు. గడియారం గీయమంటే ముచ్చటగా గీసింది.

ఆఖరి ప్రశ్నకి లింగేశ్వర్ ముందు వరసలోంచి మూర్తిగారిని లేపి ఆవిడ ఎదురుగా నించోబెట్టాడు.

"మేడం, వీరెవరు?"

"పేరి దక్షిణామూర్తిగారు. నా భర్త. వృక్షశాస్త్రం లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మా పెళ్ళి అన్నవరంలో జరిగింది. వీరికి బీపీ ఉంది. కాఫీలో పంచదార వేసుకోరు."

లింగేశ్వర్ కాగితం చూసుకుని తలూపాడు. కమిటీ పెద్ద చప్పట్లకి చేతులెత్తబోయాడు.

"ఇంకా?" అన్నాడు మూర్తిగారు. అది పరీక్షలో లేని ప్రశ్న. "ఇంకా, హైమా?"

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. నిజంగానే వెతికింది. నుదురు ముడిపడింది, పెదవి కొరుక్కుంది, తప్పు చెప్పకూడదన్న పట్టుదలతో చాలాసేపు వెతికింది.

"నేను వీరిని చాలా బాధపెట్టాను" అంది. "అంతేనండీ. ఇంకేమీ లేదు."

"పూర్తి మార్కులు" అన్నాడు లింగేశ్వర్ మైకులో.

హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కెమెరాలు మూర్తిగారి వైపు తిరిగాయి. కొట్టకపోతే బాగుండదని ఆయన కూడా కొట్టాడు.